రెండు మిల్లీ ఆంపియర్లు

ఇరవై ఆరేళ్లుగా నా పని ఒకటే,
కరెంటును మనుషులకు తగలకుండా చూడటం.
హెస్సెల్ రోడ్డు పాత ఇళ్లల్లో
ఎలుకలు కొరికిన తీగలు లాగి పారేసి,
కొత్తవి వేసి,
ఎర్త్ దిగిందో లేదో మూడుసార్లు చూసుకుని
అప్పుడు స్విచ్చి మీద చెయ్యి వేసేవాణ్ణి.
తడి చేత్తో ముట్టుకోవద్దని
ఎంతమంది ముసలమ్మలకు చెప్పానో.

ఇప్పుడు నర్స్ బెవర్లీ
రెండు స్పాంజి ముక్కలు ఉప్పునీళ్లలో ముంచి
కొద్దిగా పిండి
నా నుదుటికి అటూ ఇటూ పెట్టి పట్టీ బిగిస్తోంది.
తడి. ఉప్పు. చర్మం.
వద్దు వద్దన్నవన్నీ ఒకచోట.

చీమలు పాకినట్టుంటుంది, అంది.
ఉంది.
ఎర్రచీమలు కావు,
బెల్లం డబ్బా చుట్టూ తిరిగే నల్లచీమలు,
ఎవరినీ ఏమీ అననివి.

రెండు మిల్లీ ఆంపియర్లట.
నవ్వొచ్చింది. వచ్చి చాలాకాలమైంది గనక
నవ్వో దగ్గో పోల్చుకోలేకపోయాను.
దీంతో చిన్న ఇండికేటర్ బల్బు కూడా
మిణుక్కుమంటుందేగానీ వెలగదు.
దీంతో నన్ను వెలిగిస్తారు.

నిరుడు నవంబరులో ఒక ఇంటి ముందు
వ్యాన్ ఆపి, దిగకుండా, రెండు గంటలు కూర్చున్నాను.
పక్క సీట్లో చిప్స్ పొట్లం చల్లారిపోయింది.
మీగడరంగు ఫోన్‌బూత్ మీద వాన పడుతోంది.
లోపలి నుంచి కీరన్ ఫోన్ మీద ఫోన్,
నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు,
"బాస్, మెయిన్ ఆపెయ్యనా?"
జవాబు తెలుసు. నోటిదాకా రాలేదు.
ఇంట్లో హైమ అన్నానికి పిలిస్తే
వినపడేది.
వినపడటానికీ లేవటానికీ మధ్య
ఎక్కడో తీగ తెగింది.
గోడ పగలగొట్టకుండా ఎలా వెతకాలి?

మాత్రలు వాడాను. ఒకటి నోరు ఎండబెట్టింది,
ఇంకోటి నన్ను దూది చేసింది.

బావమరిది ఫోన్ చేశాడు:
"ఏంటి బావా, తలకి కరెంటు పెట్టించుకుంటున్నావంట?"
ఎర్రగడ్డ అనే మాట అతను అనలేదు.
ఇద్దరికీ వినపడింది.

మొదటిరోజే సంతకం పెట్టించుకుని చెప్పారు,
సగం మందికి నిజం కరెంటు,
సగం మందికి ఆ మొదటి అరనిమిషం చీమలే,
తర్వాత ఉత్త పట్టీ.
ఎవరికేదో బెవర్లీకీ తెలీదు.

మూడోవారం పెట్టె ఇంటికిచ్చారు.
వ్యాన్లో నా మీటరుంది.
రెండు క్లిప్పులు తగిలిస్తే నాలుగు సెకన్ల పని.
అర్ధరాత్రి వంటింటి బల్ల మీద పెట్టాను,
ఎర్ర తీగ, నల్ల తీగ, విప్పి.
జీవితంలో ఒక్క తీగనూ
పరీక్షించకుండా నమ్మినవాణ్ణి కాను.
హైమ నీళ్లకోసం వచ్చింది. చూసింది.
"ఉత్తదే అని తేలితే
రేపు పొద్దున లేస్తావా?" అంది.
గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

మీటరు ఆపేశాను. కీచుమంది.

పదమూడో పూటో పద్నాలుగో,
పట్టీ తీసి కిటికీ తెరిస్తే
హంబర్ పోటు వెనక్కి తీసింది,
బురద బయటపడి ఉంది.
కంపు కొట్టింది.
ఏడాదిగా దానికి కంపు లేదు.
సంతోషమని ఎవరైనా అంటే ఒప్పుకోను,
కంపే.
చిన్నప్పుడు కరెంటొస్తే
వీధి వీధంతా ఒక్కసారి అరిచేవాళ్లం.
ఇప్పుడెవరూ అరవలేదు.
ముక్కు మూసుకుని అక్కడే నిలబడ్డాను, చాలాసేపు.

నిజం కరెంటో, నమ్మకమో,
పగలు కాస్త పొడుగవటమో.
మీటరు పెట్టలేదు గనక చెప్పలేను.

వెనక్కి తిరిగితే మెట్ల మీద చీకటి.
ఆ బల్బు మాడి ఆర్నెల్లయింది,
ఎలక్ట్రీషియన్ ఇంట్లో.
నిచ్చెన తేవడానికి షెడ్డులోకి వెళ్లాను.
దొరకలేదు.
వెతుకుతున్నాను.